బ్రాకెట్లో ఉన్న మాట

మా ఇంట్లో ఆడపిల్లను మెచ్చుకోవడానికి ఒక్కటే మాట ఉండేది. అందంగా ఉందనీ, తెలివైనదనీ పైకి అనేవాళ్లు కాదు, దిష్టి తగులుతుందని భయం. "పొరుప్పైన పిల్ల" అనేవాళ్లు. పొరుప్పు అనేది అరవ మాట. కానీ మావాళ్లు తమిళనాడులోని ఈ రాజపాళయం చేరి ఎన్ని తరాలైందో చెప్పగలిగినవాళ్లు లేరు, ఏది అరవమో ఏది తెలుగో మా నోళ్లకు తేడా తెలియదు. చెప్పిన పని రెండోసారి చెప్పించుకోకుండా చేసేది, తమ్ముళ్లకు పెట్టి ఆ తర్వాత తినేది, దీపం వేళకు ఇల్లు చేరేది, ఎదురు మాట్లాడనిది, అదీ పొరుప్పైన పిల్ల అంటే.

ఐదో తరగతి అయ్యాక నన్ను బడి మానిపించినప్పుడు కూడా మా అవ్వ ఆ మాటే అంది. నాకు ఇద్దరు తమ్ముళ్లు. వాళ్లను పంపాలి, నన్ను ఆపాలి. నేను ఏడుస్తానేమోనని దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ చెప్పింది.

"వాండ్లకు పొరుప్పు లేదమ్మా, చదివితేనన్నా వస్తాదేమో. నీకు పుట్టుకతోనే ఉండాది. నీకేమిటికి బడి?"

నేను ఏడవలేదు. బిరుదు ఇచ్చినట్టే పొంగిపోయాను. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే వాకిలి రెండుసార్లు ఊడ్చాను.

బడిలో నేర్చుకున్నది తమిళం. తెలుగు అక్షరాలు అవ్వే నేర్పింది, గడప దగ్గర బియ్యప్పిండితో రాసి. ఇప్పుడు రాస్తున్నది ఆ అక్షరాలతోనే. మాటలు మాత్రం అప్పటివి కావు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఈ మూడేళ్లలో తెలుగు పుస్తకాలు తెప్పించుకుని ఒక్కొక్కటే ఏరి కూడబెట్టుకున్నాను. ఈ వయసులో మాటలు ఏరుకోవలసిన అవసరం ఏమొచ్చిందో అదే చెప్పబోతున్నాను.

పెళ్లయిన ఏడాదికి నేను సర్జికల్ గుడ్డ తయారుచేసే ఒక కంపెనీలో, మడత సెక్షన్‌లో చేరాను. పుండ్లకు కట్టే ఆ పలుచని తెల్లగుడ్డ మా ఊరి నుంచి ఎక్కడెక్కడి ఆస్పత్రులకో పోతుంది. మగ్గం మీద నేసి, తెల్లబెట్టి, ఆరబెట్టి మా దగ్గరికి తెస్తారు. దాన్ని మేం కొలతకు కోసి, అంచు దారం బయటికి రాకుండా లోపలికి మడిచి, ఎనిమిది పొరలుగా చేసి కట్టలు కట్టాలి. ఆపరేషన్‌లో వాడే రకానికి నీలం దారం ఒకటి ఉంటుంది, పొరపాటున ఒంట్లో ఉండిపోతే ఎక్స్‌రేలో కనబడడానికి. ఆ దారం లేని ముక్క ఒక్కటి కూడా కట్టలోకి పోకూడదు. పొద్దున సేత్తూరు నుంచి, తళవాయిపురం నుంచి బస్సుల్లో వచ్చే ముప్పై మంది ఆడవాళ్లం, మా మీద ఒక మేస్త్రీ. మేస్త్రీ మగవాడు. అట్లా ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు. వాన పైనుంచి కిందికే ఎందుకు పడుతుందని మనం అడుగుతామా, ఇదీ అంతే.

నాకు రాయడం అంత చేతకాదు గనక అన్నీ తలలోనే పెట్టుకునేదాన్ని. ఏ కట్ట ఏ రోజుది, ఆ రోజు ఎవరు రాలేదు, ఏ మగ్గం గుడ్డ అంచు వదులు, అన్నీ. ఒకసారి ఒక ఆస్పత్రి నుంచి కట్ట తిరిగివచ్చింది, మడత లోపల దారం వేలాడుతోందని. మేనేజరు, మేస్త్రీ రెండు రోజులు రిజిస్టర్లు తిరగేశారు. మూడో రోజు ఎవరికి తోచిందో, ఆ కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. గుడ్డ కొంచెం పసుపు తిరిగి ఉంది, అంచు నలిగి ఉంది. ఇది వానకు ఆరబెట్టే మిషను ఆగిపోయిన రోజుదని చెప్పాను. ఆ రోజు సేత్తూరు బస్సు రాక ఎనిమిది మంది తగ్గారనీ, కత్తెర మొద్దుబారిందని నేను చెబితే రేపు చూద్దామన్నారనీ కూడా చెప్పాను. రిజిస్టర్లో ఆ రోజు తీసి చూస్తే అంతా నేను చెప్పినట్టే ఉంది, కత్తెర సంగతి ఒక్కటి తప్ప. అది ఎవరూ రాయలేదు.

అప్పటి నుంచి ఏ సందేహం వచ్చినా రిజిస్టరు తీసేవాళ్లు కాదు, నన్ను పిలిచేవాళ్లు.

కొన్నాళ్లకు మేస్త్రీ కోయంబత్తూరు వైపు పెద్ద మిల్లుకు వెళ్లిపోయాడు. మేనేజరు నన్ను పిలిచాడు. ఆయనదీ మా ఊరే, ఇంట్లో తెలుగే. అంతకుముందు కంపెనీకి పత్తి కొనడానికి ఏళ్ల తరబడి గుంటూరు వైపు తిరిగినవాడు, అక్కడి తెలుగు కూడా మాట్లాడగలడు. ఇకమీద సెక్షన్ నన్నే చూసుకోమన్నాడు. మరునాడు తమిళంలో టైపు చేసిన లెటర్ ఇచ్చాడు. అందులో నా పేరు కింద, మడత సెక్షన్ సూపర్వైజర్ అని ఉంది. పక్కనే బ్రాకెట్లో ఇంకొక మాట ఉంది. ఆ మాటను తిరిగి తిరిగి చదువుకున్నాను.

ఇంటికి పోయి మా ఆయన చేతికిచ్చాను. షేర్ ఆటో నడిపేవాడు, నాకన్నా మూడు తరగతులు ఎక్కువ చదివాడు. వేలు పెట్టి గట్టిగా చదివాడు. "సూపర్వైజర్. పొరుప్పు."

మా అత్త వంటింట్లోంచి వచ్చి, ఆ మాట అందరికీ వేస్తారా, నాకొక్కదానికే వేశారా అని అడిగింది. ముందున్న మేస్త్రీ లెటర్ నేను చూశానని, అందులో సూపర్వైజర్ అని మాత్రమే ఉందని, బ్రాకెట్ లేదని చెప్పాను. అత్త ముఖం వెలిగిపోయింది.

"వాడికి లేదంటే వాడికి లేదనే కదా అర్థము" అంది. "మీ అవ్వ ఉండి ఉంటే సూసి సంతోషపడి ఉండును."

మా ఆయన ఆ లెటర్‌కు అద్దం కట్టించి తెచ్చాడు. దేవుడి పటాల పక్కన మేకు కొట్టి తగిలించాడు. పండక్కి వచ్చినవాళ్లకు, పెళ్లి పిలుపుకు వచ్చినవాళ్లకు బ్రాకెట్ మీద వేలు పెట్టి మరీ చూపించేవాడు. వచ్చినవాళ్లలో ఎవరూ అది కాదనలేదు. అందరూ మాలాంటివాళ్లే. తెలిసినవాళ్లు ఆఫీసులో ఉన్నారు, మా ఇంటికి రారు.

మేస్త్రీకి ఒక కుర్చీ, బల్ల ఉండేవి. ఆయన పోయాక ఆ కుర్చీని స్టోర్ రూముకు తీసుకుపోయారు. నాకు కుర్చీ అవసరం ఉందనిపించలేదు, తిరుగుతూ ఉండేదాన్ని కదా. సంబళం కూడా మడత పనివాళ్ల జీతమే, తర్వాత సరిచేస్తామన్నారు. నేను అడగలేదు. పొరుప్పైనదాన్నని కంపెనీయే కాగితం మీద రాసి ఇచ్చింది, ఇంక అడిగి చెడగొట్టుకుంటానా? సెక్షన్లో ఆడవాళ్లు ఆయన్ని "మేస్త్రీ" అని పిలిచినవాళ్లే నన్ను "అక్కా" అని పిలిచేవాళ్లు. అదీ నాకు బాగానే ఉండేది. అక్క అంటే కోప్పడుతుంది, అన్నం పెడుతుంది, ఆలస్యమైతే గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడి లోపలికి తెస్తుంది. ఇన్నీ చేశాను. మేస్త్రీ చేసిన పనీ చేశాను.

ఏటా మహిళా దినం వచ్చేది. మాతో ముగ్గులు వేయించేవాళ్లు, ఒక్కొక్కరికి స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చేవాళ్లు. పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు గుడ్డ కొనడానికి వచ్చినప్పుడు ఆడవాళ్లు పై ఉద్యోగాల్లో ఎంతమంది ఉన్నారని అడుగుతారట. మేనేజరు వాళ్లను మా సెక్షన్‌కు తీసుకొచ్చి నన్ను చూపించేవాడు. ఆఫీసు గోడ మీద నా ఫోటో పెట్టారు, కింద సూపర్వైజర్ అని రాయించారు. అక్కడ బ్రాకెట్ లేదు. రంగు రాసేవాడు మరిచిపోయాడని నేను కొంచెం బాధపడ్డాను కూడా. చూడండి నా తెలివి.

ఇట్లా పదేళ్లు దాటాక సెక్షన్‌కు ఒక పిల్ల వచ్చింది. సేత్తూరు పిల్ల, మావాళ్లే, వాళ్ల నాయన పొలం పనికి పోయేవాడు. టెక్స్‌టైల్‌లో డిప్లొమా చదివి గుడ్డ నాణ్యం చూసే గదిలో చేరింది. నన్ను చిన్నమ్మా అని పిలిచేది. పని దొంగ కాదు. గుడ్డ వెలుతురుకు పట్టి చూసి ఇంచీకి ఎన్ని పోగులో చెప్పేది, నేను చేత్తో తడిమి చెప్పేదాన్ని, ఇద్దరి లెక్కా ఒకటే వచ్చేది. అది చూసి నవ్వుకునేవాళ్లం.

ఒక్క విషయంలో నాకు దానిమీద గుర్రు. సాయంత్రం ఐదున్నర అయిందంటే చేతిలో పని చేతిలోనే పెట్టేసేది. దాని బిడ్డ సేత్తూరులో దాని అమ్మ దగ్గర ఉండేది, ఆ బస్సు పోతే ఇంకోదానికి చాలాసేపు నిలబడాలి. ఒకరోజు అట్టపెట్టెల మీద లేబుల్ తప్పు పడింది, లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. ఉండమన్నాను. నా ఉద్యోగం ఐదున్నర వరకే చిన్నమ్మా అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లం కూర్చుని లేబుళ్లన్నీ పీకి అతికించాం. నా బిడ్డలు చిన్నప్పుడు నేను ఎన్ని సాయంత్రాలు అట్లా ఉండిపోయానో! దీనికి మాత్రం ఏమైందని మనసులో కుళ్లుకున్నాను.

అది వచ్చిన రెండేళ్లకు పైన ఒక పోస్టు ఖాళీ అయింది. మడత, ప్యాకింగు, నాణ్యం మూడూ కలిపి చూసే సూపర్వైజర్. ఆ పిల్ల దానికి అర్జీ పెట్టింది. ఒక ఆడమనిషి అంత పోస్టుకు తానుగా అర్జీ పెట్టవచ్చునని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

మేనేజరు నన్ను పిలిచాడు. ఆ రోజు నాకు కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. నేను ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. ఆ పిల్ల గురించి నా అభిప్రాయం చెప్పమన్నాడు. నీకంటే బాగా ఎవరికి తెలుసు, నీ మాటే మాకు ముఖ్యం అన్నాడు. నేను టీ కప్పు బల్ల మీద పెట్టి, చీర కొంగు సర్దుకుని, నా జీవితంలో నేను మరిచిపోవాలనుకునే మాట చెప్పాను.

"పని బాగా తెలుసు సార్. పొరుప్పు మాత్రం చాలదు."

అబద్ధం చెప్పాననుకోలేదు. మా అవ్వ దగ్గర నేర్చుకున్న తక్కెడతో తూచి చెప్పాను.

పోస్టుకు బయటినుంచి ఒకాయన వచ్చాడు. ఆ పిల్లకు రాలేదు. మూడో రోజు క్యాంటీన్‌లో అన్నం డబ్బా తీసుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. పోస్టు ఇవ్వకుండా, కొన్నాళ్లు నాణ్యం గదిని పొరుప్పుగా చూసుకోమన్నారని, తాను వద్దన్నానని చెప్పింది. నాకు మండుకొచ్చింది. అంత మంచి మాట ఇస్తుంటే వద్దంటావా అని తిట్టాను. మా ఇంట్లో ఆ మాటను అద్దంలో పెట్టుకున్నామని చెప్పాను.

అది ముద్ద ఆపి నా ముఖం చూసింది. ఎగతాళి అనుకున్నాను, కాదు.

"చిన్నమ్మా, నీకు నిజంగా తెలియదా?"

"ఏంది తెలియదు?"

"కలెక్టరు మారిపోతే కొత్తాయన వచ్చేదాక పక్క ఆఫీసరు సూసుకొంటాడు గదా, పేపర్లో వాడి పేరు పక్కన బ్రాకెట్లో పొరుప్పు అని వేస్తారు. అసలు మనిషి వచ్చేదాక అని అర్థము. నిన్ను మెచ్చుకొన్నది గాదు."

"ఎవురు వచ్చేదాక?"

"అది వాండ్లనే అడగాల. పన్నెండేండ్లుగా ఎవురో వస్తారని నిన్ను కూర్చోబెట్టినారు."

"కూర్చోబెట్టలేదే" అన్నాను. "కుర్చీ స్టోర్లో ఉండాది."

అది నవ్వింది, నేనూ నవ్వాను. అన్నం డబ్బాకు మూత పెట్టేశాను. ఇంటికి పోయి ఆ అద్దం ముందు నిలబడ్డాను. పన్నెండేళ్లు రోజూ దీపం పెట్టేటప్పుడు చూసిన కాగితం. బ్రాకెట్ రెండు గీతలూ రెండు చేతుల్లా కనబడ్డాయి, మధ్యలో ఆ మాటను ఎవరో ఎక్కడికీ పోనివ్వకుండా పట్టుకున్నట్టు. మా ఆయనకు చెప్పాను. ఎంతమందికి చూపించామో అన్నాడు. అంతే అన్నాడు.

మరునాడు నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఈసారి నిలబడే మాట్లాడాను. బ్రాకెట్ తీసేయమని అడిగాను. సంబళం తర్వాత చూడండి, ముందు ఆ రెండు గీతలు తీసేయండి అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అందరికీ నువ్వే సూపర్వైజర్‌వి, ఆ గీతలు ఎవరు చూడబోతారు అన్నాడు. నేను కదల్లేదు. అప్పుడు పదో తరగతి సర్టిఫికెట్ ఉండాలన్నాడు. పన్నెండేళ్లుగా సర్టిఫికెట్ లేకుండా ఆ పని ఎట్లా చేశాననుకున్నారని అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, బాధపడినట్టు ముఖం పెట్టాడు.

"నీ మాదిరి పొరుప్పైన మనిషి ఇట్లా అడగవచ్చునామ్మా?"

ఎవరో నా ఇంట్లో దూరి, నా అవ్వ గొంతు ఎత్తుకుపోయి, దాంతోనే నన్ను పిలిచినట్టు ఉంది.

నన్ను ఊరడించడానికి కాబోలు, నీ మాటకు మేం ఎంత మర్యాద ఇస్తామో చూడు అంటూ ఒక ఫైలు తీశాడు. ఆ పిల్ల అర్జీ మీద రాసిన కాగితం. నేను కూడబలుక్కుని చదివాను. ఈమెకు పొరుప్పు చాలదని మడత సెక్షన్ సూపర్వైజర్ చెప్పినారు, కాబట్టి సిఫార్సు చేయడంలేదు అని ఉంది. రెండోసారి చదివాను. సూపర్వైజర్ తర్వాత ఏమీ లేదు. బ్రాకెట్ లేదు. కంపెనీ కాగితాల్లో నేను నిఖార్సయిన సూపర్వైజర్‌ను అయింది ఆ ఒక్కచోటే, ఇంకొక ఆడదాన్ని తోసేయడానికి నా పేరు కావలసి వచ్చినచోట.

నేను ఆ మాట వెనక్కి తీసుకుంటానన్నాను. కాగితం పైకి పోయి వచ్చేసిందమ్మా అన్నాడు.

దాచుకోలేదు. ఆ సాయంత్రమే, ఐదున్నరకు అది చెప్పులు వేసుకుంటుంటే చెప్పేశాను, నీ పోస్టు పోగొట్టింది నా నోరేనని. అది ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని విన్నది. తిడుతుందనుకున్నాను. లేబుళ్ల రోజు ఉండనందుకేనా అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఆ రోజు దాని బిడ్డకు జ్వరమట. నేను అడగలేదు, అది చెప్పలేదు.

"సరి, బస్సు వచ్చేస్తాది. వస్తాను సూపర్వైజరమ్మా" అంది.

ఆ రోజు నుంచి నన్ను చిన్నమ్మా అని పిలవలేదు. నెల తిరక్కుండా పని మానేసింది.

తర్వాత కొన్ని నెలలకు హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంపెనీవాళ్లు వస్తున్నారన్నారు. మా గుడ్డ బాగా కొనేవాళ్లు. మంచి చీరలు కట్టుకు రమ్మని ముందురోజే చెప్పారు. స్టోర్ రూములోంచి ఆ పాత కుర్చీ తెచ్చి, తుడిచి, నా పక్కన వేశారు. వచ్చినవాళ్లలో పెద్దావిడ ఒకరు, తెలుగువారు. మేం తెలుగు మాట్లాడతామని తెలిసి ఎంత సంతోషపడ్డారో. మమ్మల్నందరినీ నిలబెట్టి, మేం మీ దగ్గర వైవిధ్యం ఎట్లా ఉందో చూడడానికి వచ్చామని చెప్పారు. ఆ మాట మాలో ఒక్కరికీ తెలియదు. వైద్యం అని విన్నాం. నా పక్కనున్న తళవాయిపురం ముసలామె, అయితే మోకాళ్లు చూపించవచ్చునా అని నా చెవిలో అడిగింది. నేనూ కళ్లు చూస్తారేమోననుకున్నాను.

తర్వాత తెలిసింది, ఆడవాళ్లు పైకి వస్తున్నారా లేదా అని చూడడమట. ఆవిడ నేరుగా నా దగ్గరికి వచ్చారు. మంచి ముఖం, నా వయసే ఉంటుంది. ఆవిడా ఎక్కడో నిలబడే పైకి వచ్చి ఉంటారనిపించింది. ఈవిడకు చెబితే తెలుస్తుంది, తెలుగులోనే చెప్పవచ్చు, మధ్యలో ఎవరూ తిప్పి చెప్పనక్కర్లేదు. ఇంతకంటే మంచి రోజు రాదనుకున్నాను. ముందు రాత్రంతా కూడగట్టుకున్న ధైర్యం గొంతులోకి వచ్చింది.

"మీరే కదా ఇక్కడ సూపర్వైజర్? ఎన్నేళ్లయింది?" అని అడిగారు.

"లేదమ్మా. నేను సూపర్వైజర్ కాదు. పొరుప్పు."

"పొరుప్పా? అంటే ఏమిటండీ?"

అంటే ఏమిటి. నేను వెతికాను. తలలో ఎన్ని వేల కట్టలున్నాయో, ఏ కట్టలోనూ ఆ మాటకు ఆవిడకు తెలిసే తెలుగు లేదు. మా తెలుగులో పొరుప్పుకు పొరుప్పే.

"మనిషి వచ్చేదాక సూసుకొనేది అమ్మా" అన్నాను.

ఆవిడ అర్థంకాక మేనేజరు వైపు చూశారు. ఆయన ఒక్క అడుగు ముందుకు వేశాడు. గుంటూరులో పత్తితోపాటు కొనుక్కొచ్చిన తెలుగు తీశాడు.

"బాధ్యత అండీ. మా వైపు బాధ్యతను పొరుప్పు అంటాం. గుడ్డ పేషెంటు చేతికి వెళ్లేదాకా తనే చూసుకుంటానంటోంది. పదవి పేరు చెప్పుకోదండీ ఈమె, ఎవరడిగినా బాధ్యత అనే చెబుతుంది."

ఆవిడ కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, అందులో నటన లేదు. నా రెండు చేతులూ పట్టుకున్నారు. పదవి కాదు బాధ్యత, ఎంత గొప్ప మాటన్నారమ్మా అంటూ పుస్తకంలో రాసుకున్నారు. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మా సెక్షన్ కూడా కొట్టింది. మోకాళ్ల ముసలామె అందరికంటే గట్టిగా కొట్టింది. బాధ్యత అనే మాట నేను వినడం అదే మొదలు. ముఖాలు చూస్తే ఏదో మంచి మాటేననిపించింది. అప్పటికే ఆవిడ చేతులు వదిలేసి తర్వాతి బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. కుర్చీ సాయంత్రానికి స్టోర్‌కు వెళ్లింది.

కొన్నాళ్లకు ఆఫీసు గోడ మీద నా ఫోటో కింద కొత్త బోర్డు పెట్టారు. తమిళంలో, ఇంగ్లీషులో, తెలుగులో కూడా రాయించారు. పదవి కాదు, బాధ్యత. తెలుగు చదవగలిగేది ఆ కంపెనీలో బహుశా నేనొక్కదాన్నే.

ఆ తర్వాత ఏడాదికి నా సెక్షన్‌కు మనిషి వచ్చాడు. బ్రాకెట్ లేని లెటర్‌తో, కుర్చీతో. ఏ మగ్గం గుడ్డ ఎట్లా ఉంటుందో ఆరు నెలలు నేనే నేర్పాను. తర్వాత కాళ్లు నొప్పులని చెప్పి మానేశాను. కాళ్లు నొప్పులు నిజమే. పొరుప్పు నుంచి విడుదల చేస్తున్నామని కాగితం ఇచ్చారు. దానికి మా ఆయన అద్దం కట్టించలేదు. పాతదాన్నీ మేకు నుంచి తీసి బీరువా వెనక పెట్టాడు. గోడ మీద ఆ చోటు ఇప్పటికీ తెల్లగా ఉంది.

అప్పటినుంచి తెలుగు పుస్తకాల్లో వెతుకుతున్నాను. బాధ్యత దొరికింది. వైవిధ్యం దొరికింది. తాత్కాలికం అనే మాట కూడా దొరికింది, దొరికిన రోజు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఈ ఒక్క మాట నా దగ్గర ఉండి ఉంటే ఆవిడకు తెలిసేది కదా అని మొన్నటిదాకా నన్ను నేను సమాధానపరచుకున్నాను.

మొన్న బస్టాండులో ఆ పిల్ల కనబడింది. బజారులో చీరల షాపులో పనిచేస్తోందట, వచ్చినవాళ్లకు చీరలు విప్పి చూపించే పని. అదీ గుడ్డే కదా అని నవ్వింది. దాని బిడ్డ ఐదో తరగతికి వచ్చిందట. సేత్తూరు బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. హైదరాబాదు ఆవిడ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను, కుర్చీతో సహా. మా తెలుగులో ఆ మాట లేకపోయెనే అని వాపోయాను.

అది బస్సు వచ్చే దిక్కు చూస్తూనే విన్నది.

"టెంపరరీ అని ఉంటే చాలునే, సూపర్వైజరమ్మా."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను. టెంపరరీ. మా ఊళ్లో ఆ మాట తెలియని కూలిమనిషి లేదు. ఏ మిల్లులో చేరినా మొదటి రోజు నేర్చుకునే మాట అదే. నాకూ తెలుసు. కొత్తగా వచ్చిన ఎంతమంది ఆడపిల్లలకు నేనే చెప్పాను, ఇప్పుడు టెంపరరీయే, ఓర్చుకోండి అని. హైదరాబాదు ఆవిడకూ తెలిసి ఉండేది. నా నాలుక మీదే ఉన్న మాట అది. పన్నెండేళ్లు నిలబడి చేసిన పనికి ఆ పేరు పెట్టడానికి మాత్రం, ఆ రోజు, నాకే నోరు రాలేదు.